మృగయా సంకల్పము: ఓడలరేవు నుండి కొలరాడో వరకు

ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీన తూర్పు తీరమంతటను మరబోట్ల వేట ఆగిపోవును. జూన్ 14 వరకు, అనగా 61 దినములు, మత్స్యసంతతి వృద్ధినొందుటకై సముద్రమును విడిచిపెట్టవలెనని ప్రభుత్వ శాసనము. కోనసీమలో అల్లవరం మండలమునకు చెందిన ఓడలరేవు కూడ ఆ శాసనమునకు లోబడిన ఊరే. గోదావరి పాయయైన వైనతేయ అచ్చటనే బంగాళాఖాతమున కలియుచున్నది. అదే ఏప్రిల్ మాసమున, మొదటి మంగళవారము నాటికి, అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున జింకల వేటకు దరఖాస్తుల గడువు ముగియును. ఒకచోట వేటను విరమించు మాసము, మరియొకచోట వేటను సంకల్పించు మాసము.

తెలుగున రెంటికిని ఒకే మాట. చేపలు పట్టుటయు వేటయే, జింకను కొట్టుటయు వేటయే. సంస్కృతమున మృగయ అను శబ్దము వెదకుట అను అర్థముగల ధాతువు నుండి పుట్టినది. శ్రుతులు పరమాత్మను అన్వేషించుచున్నవని చెప్పునప్పుడును ఆ ధాతువే ప్రయుక్తమగుట సాధకులు గమనింపదగిన విషయము.

ఓడలరేవులో జన్మించి, డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగము చేయుచున్న ఒక యువకుని ఊహింపవచ్చును. ఇంట నిత్యపూజ కలదు, శనివారము వేంకటేశ్వర దర్శనము కలదు, మాంసాహారము కూడ కలదు. సహోద్యోగులు కొలరాడోకు పోయి మ్యూల్ డీర్ అను జింకను వేటాడి వచ్చిరి. తనకును ఆ కోరిక కలిగినది. అతడు ఒక సత్సంగమున ఇట్లు అడుగును: "గురువుగారూ, చట్టము అనుమతించినది. మాంసమును పారవేయము, తినుదుము. ఇందులో దోషమేమున్నదండీ?" ప్రవాసాంధ్రుల సత్సంగములలో ఇట్టి ప్రశ్నకు సాధారణముగా రెండు విధములైన సమాధానములు వినబడును. ఒకటి, అహింస పరమధర్మము కనుక మహాపాపమని. రెండవది, పూర్వము రాజులు వేటాడలేదా, ఏమియు కాదని. రెండును తొందరపాటు సమాధానములే. శాస్త్రము ఇంతకంటె సూక్ష్మముగా విచారించినది.

ముందుగా ఆ వేట ఎట్లు సిద్ధమగునో చూడవలెను. కంచరగాడిద చెవుల వంటి పెద్ద చెవులుండుటచే ఈ జింకకు ఆ పేరు వచ్చినది. పశ్చిమ అమెరికా పర్వతములు, శుష్కభూములు దాని నివాసము. పరరాష్ట్రవాసి దానిని వేటాడవలెనన్నచో తుపాకి కొని బయలుదేరిన చాలదు. 1949 జనవరి 1న గాని, తరువాత గాని పుట్టినవాడు వేట శిక్షణ పత్రము చూపవలెను. ఏ ప్రాంతమున, ఏ తేదీలలో, మగదానినా ఆడదానినా అని నిర్ణయించుకొని దరఖాస్తు చేయవలెను. అనుమతి లాటరీలో వచ్చును. రానియెడల ఒక ప్రాధాన్య పాయింటు ఖాతాలో చేరును. మంచి ప్రాంతము కావలెనన్నచో ఏండ్ల తరబడి పాయింట్లు కూడబెట్టవలెను. అనుమతి దొరకగానే పాయింట్లన్నియు శూన్యమగును. సంచితము ప్రారబ్ధముగా మారి అనుభవముతో క్షయించునని వేదాంత గ్రంథములలో చదివినవారికి ఈ లెక్క వెంటనే అర్థమగును! ఇక ఉపగ్రహ పటములపై కొండలను, నీటిచోట్లను గుర్తించుట, గురి అభ్యసించుట, రైఫిల్ సీజనులో 500 చదరపు అంగుళములకు తగ్గకుండ మెరయు నారింజ లేక గులాబి రంగు వస్త్రము ధరించుట. తాత్కాలిక వీసాపై నున్నవారు తుపాకి కలిగియుండరాదని అక్కడి సమాఖ్య చట్టము. అయితే చెల్లుబాటగు వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు కలదు. అనగా మన యువకునికి వేట లైసెన్సే ఆయుధమునకు ద్వారము.

ఇంత సన్నాహము జరుగుచుండగా వేట ఎప్పుడు జరిగినట్లు? నవంబరులో తుపాకి మ్రోగినప్పుడు అని లోకము చెప్పును. శాస్త్రదృష్టిలో కర్మ సంకల్పమునందే రూపుదిద్దుకొనును. పతంజలి హింసను చెప్పుచు, స్వయముగా చేసినది, చేయించినది, ఆమోదించినది అని మూడు విధములుగా విభజించి, దానికి ముందు లోభము గాని, క్రోధము గాని, మోహము గాని ఉండునని తేల్చెను. ఆ ముందున్నదానినే పరీక్షింపవలెను. ఎచట, ఎప్పుడు, దేనిని, ఎందులకు అను నాలుగు ప్రశ్నలకును సమాధానము దరఖాస్తు పత్రముపై ఏప్రిల్‌లోనే వ్రాయబడుచున్నది. నవంబరున మిగులునది వ్రేలి కదలిక మాత్రమే.

ఎందులకు అను ప్రశ్నతో మొదలిడవచ్చును. మనుస్మృతి ఏడవ అధ్యాయమున రాజునకు కామమువలన పుట్టు వ్యసనములు పది చెప్పబడినవి. వానిలో మొట్టమొదటిది మృగయ. చిట్టచివరిది వృథాట్య, అనగా ప్రయోజనము లేక తిరుగుట. డల్లాస్ నుండి వందల మైళ్లు పోయి, కొమ్ముల కొలత కొరకు ఒక మృగమును వెదకుట ఈ రెండు వ్యసనములను ఒక్క ప్రయాణమున కలిపివేయుచున్నది. మాంసమే ప్రయోజనమన్న మాట నిలువదు. లైసెన్సుకు, ప్రయాణమునకు, ఆయుధమునకు అగు వ్యయముతో ఎన్ని మాసముల ఆహారము కొనవచ్చునో ఆ యువకునికే తెలియును.

కౌటిల్యుడు మాత్రము మృగయను కొంత సమర్థించినాడు. వ్యాయామము కలుగును, శ్లేష్మపిత్తములును మేదస్సును తగ్గును, నిలిచిన లక్ష్యముపైనను కదలు లక్ష్యముపైనను గురి కుదురును, భయకోపములలో మృగముల చిత్తము తెలియును అని అర్థశాస్త్రమున ఆయన వాదము. అది యుద్ధమునకు పోవు రాజును ద్యూతమునుండి మరల్చుటకు చెప్పిన తారతమ్యము. కంప్యూటరు ముందు కూర్చుండువానికి కొండ ఎక్కుట మేలే. కాని కొండ ఎక్కుటకు జింక చావనక్కరలేదు.

దీనికంటె బలమైన పూర్వపక్షము వేరొకటి కలదు. వేటగాండ్ర ధనమే అక్కడి వన్యప్రాణులను కాపాడుచున్నదని. ఇది కేవలము సాకు కాదు. 1937లో చేసిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టము ప్రకారము ఆయుధములపై, తూటాలపై విధించు సుంకము రాష్ట్రముల వన్యప్రాణి రక్షణకు పోవుచున్నది. అరిజోనాలోని కైబాబ్ పీఠభూమి కథయు ఇట్టిదే. 1906లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆ ప్రాంతమును మృగరక్షణ క్షేత్రముగా ప్రకటించెను. జింకల వేట నిషేధింపబడినది. తోడేళ్లను, కొండసింహములను చంపివేసిరి. మ్యూల్ డీర్ సంఖ్య విపరీతముగా పెరిగి, మేత నశించి, 1920లలో ఆకలితో గుంపులు గుంపులుగా మరణించినవి. హింసించు జంతువును తొలగించి అహింసను స్థాపించితిమనుకొన్నవారికి అడవి ఇచ్చిన సమాధానమది. కనుక జింకను చంపుటయే సర్వత్ర అధర్మమని గట్టిగా చెప్పువారు కొంచెము ఆగవలెను. అయినను లోకరక్షణ ఫలితమగుట వేరు, సంకల్పమగుట వేరు. లోకరక్షణయే సంకల్పమైనచో, సంఖ్య తగ్గింపవలసిన చోట ఆడజింకల కొరకు ఇచ్చు అనుమతిని కోరవలెను. పదేండ్లు పాయింట్లు కూడబెట్టి పెద్దకొమ్ముల మగజింకను కోరువాడు తన సుంకము మంచిపనికి పోవుచున్నదని చెప్పుకొనుట, పందెములో ఓడిన సొమ్ము ఎవరికో ఉపయోగపడినదని జూదరి సంతోషించుట వంటిది.

ఇక ఎప్పుడు అను ప్రశ్న. ఈ వ్యాసమునకు ప్రాణము ఇదియే. ఆదిపర్వమున పాండురాజు కథ అందరికిని తెలిసినదే, కాని అందులోని వాదమును చదివినవారు తక్కువ. కిందముడను ముని మృగరూపమున భార్యతో కూడియుండగా పాండురాజు బాణము వేసెను. నేలకొరిగిన ముని నిందింపగా, రాజు తన్ను సమర్థించుకొనెను. రాజులకు మృగవధ విహితము, అగస్త్యుడంతటివాడు యజ్ఞమునకై మృగములను వధించెను కదా అనెను. ముని ఆ మాటను ఖండింపలేదు. మృగమును చంపినందులకు నేను నిన్ను తప్పుపట్టను, సంగమకాలము ముగియువరకు నీవు ఆగియుండవలసినది అని ఆయన ఉత్తరము. శాపమునకు కారణము వధ కాదు, కాలము. ప్రాణి తన జాగ్రత్తను మరచి సృష్టికార్యమున లీనమైయున్న సమయమును అదనుగా తీసికొనుట.

మ్యూల్ డీర్ మగవానికి సంయోగ ఋతువు నవంబరు మధ్యనుండి ఆరంభమగును. ఏడాది పొడవున చీకటి చాటున తిరుగు పెద్ద మగజింక ఆ దినములలో ఆడజింకల వెంట పట్టపగలు బయటకు వచ్చును. మనుష్యుని వాసనను కూడ లెక్కచేయదు. కొలరాడోలో నాల్గవ రైఫిల్ సీజన్ ఆ నవంబరు మధ్యనే వచ్చును. దాని అనుమతులు కొద్ది, కోరువారు ఎక్కువ, పాయింట్లు అధికముగా కావలెను. ఏ దౌర్బల్యమును ఉపయోగించుకొన్నందులకు పాండురాజు శపింపబడెనో, ఆ దౌర్బల్యమునకే ఇక్కడ అత్యధిక మూల్యము. అక్కడి చట్టము దీనిని తప్పనదు. సంఖ్యను లెక్కించి పరిమితి విధించి అనుమతించును. చట్టము తన పని చేయుచున్నది. భారతము చదివిన ఇంట పుట్టినవాడు ఆ పత్రముపై నాల్గవ సీజనును గుర్తించుచున్నప్పుడు తాను దేనిని కోరుచున్నాడో తెలిసియే కోరుచున్నాడు.

ఎచట అను దానికి అరణ్యపర్వమున సమాధానమున్నది. ద్వైతవనమున పాండవులు మృగమాంసముతో జీవించుచుండగా ఒక రాత్రి ధర్మరాజు కలలో జింకలు కన్నీటితో వణకుచు కనబడినవి. మాలో మిగిలినవారము కొద్దిమందిమి, బీజమాత్రముగా ఉన్నాము, మేము మరల వృద్ధినొందునట్లు మీరు నివాసము మార్చుకొనుడని వేడుకొన్నవి. ధర్మరాజు మరునాడే తమ్ములకు చెప్పి కామ్యకవనమునకు తరలెను. ఆహారమునకై, వనవాస కాలమున, క్షత్రియులు చేసిన వేట అది. అయినను మిగిలినవి బీజమాత్రమని తెలియగానే ఆగిపోయినది. 2022-23 శీతకాలమున పశ్చిమ వయోమింగ్‌లో దట్టమైన మంచు వలన మ్యూల్ డీర్ మందలు దారుణముగా నశించినవి, ఆ ఏటి పిల్లలలో బ్రదికినవి అత్యల్పము. ఆ రాష్ట్రమునందే రెడ్ డెజర్ట్ నుండి హోబాక్ వరకు సుమారు 150 మైళ్లు ప్రతి ఏటా నడచు మందలున్నవి. కంచెలు, రహదారులు, బావుల నడుమనుండి వాని యాత్ర. అచ్చటి మందలను గూర్చి అక్కడ నివసించువారికి దిగులుండును. పరరాష్ట్రమునుండి వారము దినములకు వచ్చువానికి ఆ కల రాదు. పరస్థల మృగయలో శాస్త్రమునకు గల అభ్యంతరమును ఇట్లు గ్రహింపవచ్చును.

ఇచ్చట ఓడలరేవు జాలరి ప్రసక్తి తప్పదు. యోగసూత్ర వ్యాసభాష్యమున అహింస పరిమితమగు విధములు చెప్పునప్పుడు మొదటి ఉదాహరణము మత్స్యజీవియే. అతని హింస చేపలయందే, మరెచ్చటను కాదు. అది మహావ్రతము కాదని భాష్యకారుడు స్పష్టపరచినాడు. కాని ఆ పరిమితిని కూడ అహింసలో ఒక మెట్టుగానే పరిగణించినాడు. ఆ జాలరి తన తీరమునందే వేటాడును, ఆ వేటతోనే బ్రదుకును, చేపలు తగ్గినచో మొదట పస్తుండువాడు అతడే. వైనతేయ అను పేరు గరుత్మంతునిది. ఆకలిగొన్న గరుడుడు తండ్రి చూపిన ఆహారమును పట్టుకొనిపోవుచు, విరిగిన కొమ్మకు వాలఖిల్య మహర్షులు వ్రేలాడుచుండుట చూచి, వారికి హాని కలుగునని ఆ కొమ్మను ముక్కున కరచుకొని తిరిగెనే గాని విడువలేదు. ఆకలికి ఇంత మర్యాద కలదు. సరదాకు ఈ మర్యాద ఎవరు నేర్పవలెను?

అయినను కోనసీమవారు కొలరాడో వేటగానిని నిందించుటకు ముందు తమ పళ్లెము చూచుకొనవలెను. వరదకాలమున పులస సముద్రమునుండి గోదావరికి ఎదురీది వచ్చునది గ్రుడ్లు పెట్టుటకే. పుస్తెలమ్మియైనను దానిని తినవలెనని లోకోక్తి. కిందముని ప్రశ్న ఆ మట్టిదాకకు కూడ వర్తించును. పులస నానాటికి అరుదగుచుండగా దాని ధర పెరుగుచున్నది, ధర పెరిగిన కొలది అది గౌరవచిహ్నమగుచున్నది. కొమ్ముల కొలతకును దీనికిని ఏమి భేదము? మిథిలలో ధర్మవ్యాధుడు కౌశికునకు ఉపదేశించుచు, దున్నువాని నాగలిక్రింద కూడ ప్రాణులు చచ్చుచున్నవని గుర్తుచేసెను. ఆయన మాంసము విక్రయించినను స్వయముగా చంపలేదు, తినలేదు. ఆ ఉపదేశము హింసకు అనుమతిపత్రము కాదు, నిందించువాని నోటికి తాళము.

సాధకునికి వేరొక చిక్కు కలదు. జడభరతుడు జింకను చంపలేదు, కాపాడెను. కాపాడుచు దానినే తలచి తలచి, అంత్యకాలమున దానినే స్మరించి, జింకయై పుట్టెను. కరుణతో తలచినను చిత్తము ఆ ఆకారము దాల్చినది. ఎనిమిదేండ్లు రాత్రివేళ పటములు చూచుచు, కొమ్ముల చిత్రములు చూచుచు, ఒక మగజింకపైననే మనస్సును నిలిపినవాని ధ్యానము దేనికి తక్కువ? జపమునకు కూర్చుండినప్పుడు కుదరని ఏకాగ్రత అచ్చట అనాయాసముగా కుదరుచున్నదన్నచో అతడు తన ఇష్టదైవమెవరో ఒకసారి విచారించుకొనవలెను.

యువకుని ప్రశ్నకు సమాధానమిది. మంత్రదీక్ష పొంది సాధన చేయుచున్నవాడైనచో ఏప్రిల్‌లో దరఖాస్తు చేయకుండుటయే మేలు. పాయింట్లు వ్యర్థమగునను చింత అక్కరలేదు, అవి పోయిన పోనిమ్ము. మాంసాహారియై, తినునదానిని స్వహస్తములతో సంపాదింపవలెనను నిజాయతీ ఉన్నవాడైనచో తానున్న రాష్ట్రమునందే, సంఖ్య అధికముగా నున్న చోట, సంయోగ ఋతువు రాకముందే, కొమ్ములను కోరక ఒక్కదానితో సరిపెట్టుకొనవచ్చును. తినదగిన మాంసమును అడవిలో వదలుట కొలరాడోలో నేరమే. ఇంటికి తెచ్చినదానిని కూడ పూర్తిగా వినియోగింపవలెను. 1967లో ఆ రాష్ట్రపు మ్యూల్ డీర్‌లోనే మొదట కనుగొనబడిన క్షయకర వ్యాధి నేడు అనేక రాష్ట్రములకు వ్యాపించినందున, తలను, వెన్నెముకను సరిహద్దు దాటించుటపై నిబంధనలున్నవి, పరీక్ష చేయించి తినవలెను. నాల్గవ సీజను అనుమతి ఇదివరకే చేతికి వచ్చినవాడు, సీజనుకు ముందు గడువులోగా దానిని తిరిగి అప్పగించుటకు అక్కడి శాఖ ఏ వెసులుబాటు ఇచ్చుచున్నదో ఈ వారమే విచారించుట మంచిది.