కారుకు ప్రార్థన సరే, సంతకానికి ముందు?



మన సంఘంలో ఎవరైనా కొత్త బండి కొంటే ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం ముందర నిలబెట్టి, "అయ్యగారూ, ప్రార్థన చేయండి" అంటారు. మేము బండి మీద చేయి ఉంచి ప్రార్థన చేస్తాం. పిల్లలకు చాక్లెట్లు పంచుతారు. ఆ సంతోషం మంచిదే. కానీ ఇన్నేళ్లలో ఒక్కరు కూడా షోరూంకు పోకముందు వచ్చి, "అయ్యగారూ, ఈ కాగితాలు ఒకసారి చూసి ప్రార్థన చేద్దాం" అన్నది లేదు. బండికి ప్రార్థన ఉంది గాని సంతకానికి లేదు. ఈ వరస మారాలని మా మనవి.

మన కనగానపల్లి వేరుశనగనూ వాననూ నమ్ముకున్న నేల. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా ఫ్యాక్టరీ కార్లు తయారు చేయడం మొదలుపెట్టినాక మన చుట్టుపక్కల పిల్లలు కొందరు అక్కడా, దాని చుట్టూ వచ్చిన కంపెనీల్లోనూ పనిలో చేరారు. నెలనెలా జీతం చూసిన ఇళ్లలో కారు మాట వినిపిస్తోంది. రోజూ కళ్లముందు కార్లు పోతుంటే మనకూ ఒకటి ఉంటే బాగుండు అనిపించడం పాపం కాదు. రాత్రిపూట ఒళ్లు బాగాలేని మనిషిని ధర్మవరానికో అనంతపురానికో తీసుకుపోవాలంటే బండి విలువ ఏమిటో మనకు తెలుసు.

అయితే ఈమధ్య మన తమ్ముడొకరికి జరిగింది వినండి. ఆయన ఒప్పుకున్నాక, పేరు చెప్పకుండా రాస్తున్నాం. సెలవు రోజు ఊరికే చూసొద్దామని ఒక షోరూంకు పోయినాడు. కూల్ డ్రింక్ ఇచ్చారు, కారు నడిపించారు. "మీకు ఎంత లోన్ వస్తుందో చూద్దాం సార్, పాన్, ఆధార్ ఇవ్వండి" అన్నారు. ఇచ్చాడు. ఫోన్‌కు ఓటీపీలు వస్తే అవీ చెప్పాడు. కారు కొనలేదు, ఇంటికి వచ్చేశాడు. కొన్ని వారాల తర్వాత బోరు కోసం బ్యాంకుకు పోతే అక్కడి ఆఫీసరు, "ఒకే వారంలో ఐదు చోట్ల లోన్ అడిగారే, ఎందుకు?" అన్నాడు. మన తమ్ముడికి తాను ఒక్కచోట అడిగినట్టు కూడా తెలియదు. లోన్ ఆలస్యమైంది. ఆ వేసవిలో మల్బరీ తోట సగం ఎండింది.

జరిగిందేమిటంటే, మన దేశంలో అప్పుల చరిత్ర రాసిపెట్టే కంపెనీలు నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. మనం అందరం సిబిల్ స్కోరు అనేది 300 నుంచి 900 వరకు ఉంటుంది. మనం లోన్‌కు దరఖాస్తు పెడితే బ్యాంకు ఆ చరిత్ర తీసి చూస్తుంది. చూసిన ప్రతిసారీ అది రిపోర్టులో నమోదవుతుంది. కొద్దిరోజుల్లో అలాంటివి నాలుగైదు కనబడితే, ఈ మనిషికి డబ్బు బాగా ఇబ్బందిగా ఉన్నట్టుంది అని అప్పిచ్చేవాళ్లు అనుమానిస్తారు, స్కోరూ కొంత తగ్గవచ్చు. మన రిపోర్టు మనమే చూసుకుంటే మాత్రం స్కోరు తగ్గదు. ఒక్కో కంపెనీ ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది.

ఆదికాండము 23వ అధ్యాయం ఒకసారి తీయండి. శారా చనిపోయింది. అబ్రాహాము దుఃఖంలో ఉన్నాడు. సమాధికి స్థలం కావాలి. ఎఫ్రోను ఊరికే ఇస్తానంటాడు, ఆ మాటలోనే 400 తులాల వెండి అని ధర కూడా వినిపిస్తాడు. అబ్రాహాము ఆ తీపి మాటకు కరిగిపోలేదు. పూర్తి ధర అడిగి, అందరి ముందర తూచి ఇచ్చాడు. పొలం, గుహ, పొలంలోని చెట్లు, సరిహద్దులు అన్నీ వివరంగా చెప్పించుకున్నాకే కొన్నాడు. కన్నీళ్లలో ఉన్న మనిషే అంత జాగ్రత్త పడితే, సంతోషంలో ఉన్న మనం ఎంత జాగ్రత్త పడాలి!

షోరూంలో మొదటి ప్రశ్న ఏమని వస్తుందో గమనించండి. "నెలకు ఎంత కట్టగలరు సార్?" దీనికి జవాబు చెప్పిన వెంటనే మాట కారు ధర మీదనుంచి ఈఎంఐ మీదికి పోతుంది. 5 లక్షలు 10 శాతం వడ్డీకి తీసుకున్నామనుకోండి. ఐదేళ్లయితే నెలకు సుమారు 10,620 రూపాయలు. "తగ్గిస్తాం సార్" అని ఏడేళ్లు చేస్తే సుమారు 8,300. తేలిగ్గా కనిపిస్తుంది. కానీ మొత్తం మీద మనం కట్టే వడ్డీ దాదాపు 60 వేలు ఎక్కువ. కొందరు "8 శాతమే, ఫ్లాట్" అంటారు. ఫ్లాట్ అంటే అసలు తగ్గుతున్నా మొదటి రోజు అప్పు మీదే చివరిదాకా వడ్డీ వేయడం. 5 లక్షలకు ఐదేళ్లలో 2 లక్షల వడ్డీ అవుతుంది. తగ్గే అసలు మీద లెక్కేస్తే అది 14 శాతం పైమాటే. సామెతల గ్రంథం దొంగ త్రాసును దేవుడు అసహ్యించుకుంటాడని చెబుతుంది. త్రాసు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం కొనేవాడి వంతు.

కాబట్టి పోకముందే కొన్ని పనులు చేయండి. మొదట మీ రిపోర్టు మీరే చూసుకోండి. మీది కాని అప్పు కనబడినా, కట్టేసిన అప్పు ఇంకా ఉన్నట్టు రాసినా ఆ బ్యాంకుకూ ఆ కంపెనీకీ ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆలస్యమైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. తర్వాత మీకు ఖాతా ఉన్న బ్యాంకులో వడ్డీ ఎంతో కనుక్కోండి. అది చేతిలో పెట్టుకుని షోరూంకు పోండి. "ముందు ఆన్‌రోడ్ ధర వివరంగా కాగితం మీద ఇవ్వండి" అని అడగండి. లోన్ కావాలని తేల్చుకునేదాకా పాన్ కార్డు జేబులోనే ఉండనీయండి. ఓటీపీ చెప్పడం కూడా సంతకం పెట్టినట్టే. ఇన్సూరెన్సు వాళ్ల దగ్గరే తీసుకోవాలన్న బలవంతం లేదు, బయట ధర కనుక్కోండి.

లోన్ ఇచ్చేవాళ్లు వడ్డీ, ఫీజులు, ఏడాదికి పడే మొత్తం ఖర్చు అన్నీ కలిపిన ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి. 2024 అక్టోబరు 1 నుంచి ఇది తప్పనిసరి. అదీ మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగులో అడగడానికి సిగ్గుపడొద్దు. ఇంటికి తెచ్చుకుని, ఇంట్లో ఆడవాళ్లతో కూర్చుని చదవండి. "ఈ ఆఫర్ ఈరోజే" అంటే, రేపు ఇంకో ఆఫర్ వస్తుందని గుర్తుపెట్టుకోండి.

బెంగళూరు నుంచి సెకండ్ హ్యాండ్ కారు తెచ్చేవాళ్లు మనలో ఎక్కువ. ఆర్‌సీలో ఫైనాన్స్ వాళ్ల పేరు ఇంకా ఉందేమో చూడండి. ఉంటే ఆ అప్పు తీరినట్టు కాగితం లేనిదే డబ్బు ఇవ్వొద్దు. కర్ణాటక బండికి అక్కడి ఆర్టీఓ ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, లైఫ్ టాక్స్ ఉంటాయి. అవీ ధరలో కలుపుకుని లెక్కవేయండి. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కచూసుకుంటాడని లూకా 14లో ప్రభువు చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది.

ఇంకొకటి. "అన్నా, ఒక్క సంతకమే" అని షూరిటీ అడిగితే సామెతలు 6వ అధ్యాయం చదివి పోండి. ఆ అప్పు మీ రిపోర్టులో కూడా కనబడుతుంది. వాళ్లు కట్టకపోతే మీరే కట్టాలి. ప్రేమ ఉంటే చేతిలో ఉన్నది ఇవ్వండి. లేనిదానికి పూచీ పడొద్దు.

కొందరు అడగవచ్చు, "పాస్టర్లకు బ్యాంకు మాటలు ఎందుకు?" అని. ఎలీషా దగ్గరికి వచ్చిన విధవరాలు ఆత్మీయ సమస్యతో రాలేదు. అప్పులవాడు ఇద్దరు కొడుకులను పట్టుకుపోతాడన్న భయంతో వచ్చింది. నూనె పొంగినాక ప్రవక్త చెప్పిన మొదటి మాట, దాన్ని అమ్మి అప్పు తీర్చుకోమని. ఇంకొందరు అప్పే పాపమంటారు. మేము అలా అనం. తీర్చగలిగిన అప్పు ఒక బాధ్యత. లెక్క చూడకుండా, ఇంట్లో చెప్పకుండా చేసిన అప్పు ఒక కాడి.

ఇందులో మా తప్పు కూడా ఉంది. కారు కొన్నవాళ్లను ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పించాం. "దేవుడు ఈ కుటుంబాన్ని దీవించాడు" అన్నాం. వెనక బెంచీలో కూర్చున్న సహోదరుడు ఇంటికి పోయి, మరి నన్ను ఎందుకు దీవించలేదని కుమిలిపోయి ఉంటే, ఆ బరువులో మాకూ పాలుంది. కారు దీవెనకు కొలత కాదు. సిబిల్ స్కోరు నీతికి కొలత కాదు. వాన రాక పంట పోయి కిస్తీలు తప్పిన రైతు దేవుని ముందర తక్కువవాడు కాడు. మన మీద ఉన్న రుణపత్రాన్ని క్రీస్తు సిలువ మీద కొట్టివేశాడని కొలొస్సయులకు రాసిన పత్రిక చెబుతుంది. ఆ విడుదల పొందినవాళ్లం, మళ్లీ తెలియకుండా ఎవరి చేతిలోనూ మన పేరు పెట్టొద్దు.

బుధవారం ప్రార్థన కూటం అయ్యాక మేము మందిరంలోనే ఉంటాం. షోరూం కాగితం తీసుకురండి. మేమేమీ నిపుణులం కాదు. కానీ నాలుగు కళ్లు చూస్తే రెండు కళ్లకు కనబడనిది కనబడుతుంది.

ఇకమీదట సాక్ష్యం కారు వచ్చిన రోజు చెప్పించం. చివరి కిస్తీ కట్టి, ఎన్‌ఓసీ తెచ్చుకుని, ఆర్‌సీలో ఫైనాన్స్ వాళ్ల పేరు తీయించుకున్న రోజు రండి. ఆరోజు చాక్లెట్లు మేము తెస్తాం.

దేవుడు మిమ్మల్ని, మీ ఇంటిని, మీ సంతకాన్ని కాపాడును గాక. ఆమెన్.