కోట ఒక్కటే చూసి పోవద్దు

మా కడప జిల్లాకు సముద్రం లేదు. మాకు ఒడ్డంటే ఏటి ఒడ్డే. శనాదివారాలు వస్తే బెంగళూరు, హైదరాబాదు కార్లన్నీ జమ్మలమడుగు మీదుగా గండికోటకు పోతాయి. పెన్నా లోయ అంచున ఫొటోలు దిగి, సాయంత్రానికి వెనక్కి మళ్లుతాయి. కోట గొప్పదే. కానీ ఆ వచ్చినవాళ్లు ఎర్రగుంట్ల నుంచి వేంపల్లె దారి పట్టి వీరపునాయునిపల్లె వైపు ఒక పూట రావాలని నా కోరిక.

కర్ణాటకలో నంది కొండల వైపు పుట్టిన పాపాఘ్ని, గండి దగ్గర కొండను చీల్చుకుని, వేంపల్లె దాటి వీరపునాయునిపల్లె మండలానికి చేరుతుంది. ఏడాదిలో చాలా నెలలు ఏటినిండా ఇసుకే. అనిమెల ఆ ఒడ్డు ఊరు. మొగమేరు వచ్చి పాపాఘ్నిలో కలిసేది ఇక్కడే కాబట్టి గుళ్లో శివుడు సంగమేశ్వరుడయ్యాడు.

ఇంకా ముఖ్యమైనది ఎర్రగుంట్ల పక్కనున్న కలమళ్ల. ఊరి పేరు చెబితే ఎవరికైనా థర్మల్ పవర్ స్టేషన్ గొట్టాలే గుర్తొస్తాయి. క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు శాసనం వేయించింది ఆ ఊళ్లోనే, చెన్నకేశవ సిద్ధేశ్వరాలయం ఆవరణలో. మనకు దొరికిన తొలి తెలుగు శాసనంగా పండితులు చెప్పేది దాన్నే. అప్పటికి తెలుగునేల మీద రాజులు శాసనాలు వేయించేది ప్రాకృతంలో, సంస్కృతంలో. ఈ రాజు తన ప్రజల మాటలోనే రాతి మీద రాయించాడు. నన్నయకు దాదాపు ఐదు వందల ఏళ్ల ముందు! అందులో కనిపించే చిఱుంబూరు నేటి చిలంకూరు. సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న ఊరని తప్ప ఆ ఊరి గురించి ఎందరికి తెలుసు? 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు రాష్ట్రమంతా సంబరపడింది. ఆ ప్రాచీనతకు సాక్ష్యమిచ్చిన ఊళ్లు ఇవే.

ఊరూరి చరిత్రను ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ 19వ శతాబ్దం మొదట్లోనే కైఫీయతులుగా రాయించాడు. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వాటిని అచ్చు వేసింది కూడా. ఇక మిగిలింది ఊళ్ల పని. శాసనంలో ఏముందో నేటి తెలుగులో రాసి, ప్రతి గుడి ముందూ పెద్ద అక్షరాల పలక నిలపాలి. హైస్కూలు పిల్లలకు ఆ పాఠం నేర్పి, వచ్చినవాళ్లకు వాళ్లచేతే చెప్పించాలి. దీనికి కోట్లు అక్కర్లేదు, పంచాయతీ తలుచుకుంటే వచ్చే శివరాత్రికే మొదలుపెట్టొచ్చు.