గుండెకూ మూత్రపిండానికీ చుట్టరికం

ఇరవై ఏళ్లుగా కళాశాలలో తెలుగు పాఠం చెబుతున్నాను. గుండెకు ఎన్ని పేర్లున్నాయని ఎవరడిగినా ఎద, ఎడద, డెందం, హృదయం అంటూ తడుముకోకుండా చెప్పగలను. మూత్రపిండాన్ని సంస్కృతంలో వృక్కం అంటారు. ఆ మాటతో పద్యం కట్టిన కవి నాకు తటస్థపడలేదు. కవుల మాట ఎందుకు, నేను మాత్రం దాన్నేం పట్టించుకున్నాను? మా మేనమామ పోయేదాకా ఈ రెండింటికీ గల చుట్టరికం నాకు తెలియదు.

మామయ్యది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి తోటల సీమ. అక్కడ ఎందరో మూత్రపిండాల జబ్బుతో బాధపడుతున్న సంగతి లోకమెరిగినదే. మామయ్యకు సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్. ఒక ఆదివారం సాయంత్రం చూడబోయాను.

"ఒరే అల్లుడూ, నోరెండిపోతోందిరా. అత్త చూడకుండా ఒక్క బొండాం కొట్టించరా" అన్నాడు.

పెరటి చెట్టు కాయ, రోగికి చలవ కదా అనుకున్నాను. నా చేత్తోనే ఇచ్చాను. తెల్లవారుజామున మామయ్య నిద్రలోనే పోయాడు. గుండె ఆగిపోయిందన్నారు.

బొండాం వల్లనే పోయాడని ఏ వైద్యుడూ అనలేదు. ఖాళీ బొండాం పెరట్లో చూసి కూడా అత్త నన్ను పల్లెత్తు మాట అనలేదు. నా మనసే ఊరుకోలేదు. తెలిసిన డాక్టరుగారి దగ్గర కూర్చుని పాఠం చెప్పించుకున్నాను.

కొబ్బరినీళ్లలో పొటాషియం అనే లవణం మెండు. ఆరోగ్యవంతుడి మూత్రపిండాలు ఎక్కువైనదాన్ని బయటికి పంపేస్తాయి. చెడిన పిండాలకు ఆ శక్తి లేదు. అది రక్తంలోనే నిలిచిపోతుంది. గుండె కొట్టుకునేది సన్నని విద్యుత్తు లయ మీద. పొటాషియం పెరిగితే ఆ లయ తప్పుతుంది, గుండె ఆగనూవచ్చు. దీనికి తోడు ఏళ్లతరబడి రక్తపుపోటుతో గుండె గోడ దళసరెక్కుతుంది; రక్తనాళాల్లో సున్నం పేరుకుంటుంది. మూత్రపిండాల రోగుల గుండె పెరిగి ఉండటాన్ని లండన్‌లో రిచర్డ్ బ్రైట్ అనే వైద్యుడు 1836లోనే గుర్తించాడట!

డయాలసిస్ రోగుల మరణాల్లో సుమారు నాలుగోవంతు ఇలా హఠాత్తుగా సంభవించేవే. అమెరికాలో 32 వేలమందికి పైగా రోగుల లెక్కలు తీసి 2011లో ప్రకటించారు: వారంలో రెండురోజుల విరామం ముగిసిన నాడే మరణాలు ఎక్కువ. మామయ్య పోయింది సోమవారం.

కాబట్టి అమ్మలారా, అయ్యలారా! ఇంట్లో ఇటువంటి రోగి ఉంటే డాక్టరునడగకుండా బొండాం, పళ్లరసం ఇవ్వకండి. ఉప్పుకు బదులుగా అమ్మే ఉప్పుల్లోనూ తరచు పొటాషియమే ఉంటుంది. కూరముక్కలు ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీరు వార్చేయండి. డయాలసిస్ ఒక్కపూట కూడా తప్పనివ్వకండి. ఉన్నట్టుండి ఒళ్లు పట్టుతప్పినా, గుండె దడదడలాడినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపొండి. మధుమేహం, రక్తపుపోటు ఉన్నవారు ఏడాదికొకసారైనా రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూపించుకోండి.

సంవత్సరీకానికి వెళ్లినప్పుడు అత్త బొండాం కొట్టించి నా చేతికిచ్చింది.

"నీకేం జబ్బు లేదు కదా నాయనా, తాగు" అంది.

తాగాను. గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది.