పెంపుడు కుక్కకు క్యాన్సర్: మాత్ర కూడా కీమోయే

అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మనుషులకే. ఉక్కునగరంలోనైనా, గాజువాకలోనైనా కుక్కకు జబ్బు చేస్తే పశువైద్యుడే దిక్కు. పశువైద్య కళాశాల విజయనగరం జిల్లా గరివిడిలో ఉంది.

సూదిమందులకు జంకి, మాత్రలైతే సులువని చాలామంది భావిస్తారు. మనుషుల వైద్యుడినే అయినా, ఈ భావన సరికాదని చెప్పగలను. సైక్లోఫాస్ఫమైడ్ మాత్రను పొడి చేసి పెరుగన్నంలో కలపరాదు. చేతి తొడుగులు లేకుండా తాకరాదు. మందు కుక్క మూత్రంలోనూ వెలువడుతుంది గనుక గర్భిణులు దాన్ని శుభ్రం చేయరాదు. మూత్రంలో రక్తం కనిపిస్తే తదుపరి మోతాదు వేయకుండా వెంటనే వైద్యునికి చెప్పాలి.

దవడ కింద బిళ్లలు కట్టగానే ప్రెడ్నిసొలోన్ వేసేయడం మరో పొరపాటు. లింఫోమా అయితే గడ్డలు కరుగుతాయి, కుక్క హుషారుగా తిరుగుతుంది. ఆ ఊరట సాధారణంగా నెల, రెండు నెలలే. ఈలోగా రోగనిర్ధారణ మరుగునపడుతుంది; తరువాత ఇచ్చే కీమోకు గడ్డ లొంగకపోవచ్చు. ముందు సూదితో కణాలు తీసి పరీక్షించాలి. ఆ ఫలితం తెలిసిన పిమ్మట, ఖర్చు భరించలేకనో, వయసు చూసో ప్రెడ్నిసొలోన్‌తోనే సరిపెట్టుకున్నవారిని నేను తప్పుపట్టను. కుక్కకు రాబోయే ఏడాది లెక్క తెలియదు. ఈ పూట తినగలగాలి, నొప్పి లేకుండా నిద్రపోవాలి, అంతే.

వాంతికి, నొప్పికి మందు పశువైద్యుడే రాయాలి. ఇంట్లో ఉన్న ఇబుప్రోఫెన్ వేయకండి. స్టెరాయిడ్‌తో కలిస్తే కడుపులో పుండ్లు పడి రక్తం పోతుంది. తిండి గోరువెచ్చగా, ఉల్లిపాయ లేకుండా పెట్టండి. తినని రోజులను క్యాలెండరులో గుర్తించండి. అవి తిన్న రోజులను మించినప్పుడు, బాధలేని మరణం గురించి పశువైద్యుణ్ణి అడగడానికి సంకోచించవద్దు.