విశ్రాంతియే ముందటి ఔషధము

ఒళ్ళు నొప్పులు, నిద్రలేమి, అన్నము మీద అరుచి, ఇంటివారిపై అకారణ కోపము. ఊరికి దూరముగా నెలల తరబడి శ్రమించి ఇల్లు చేరిన వారిలో వైద్యునికి తరచు కనిపించే లక్షణాలివి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఈ డస్సిపోవుటను వ్యాధిగా గాక, వృత్తి వలన కలుగు స్థితిగా తన పట్టికలో చేర్చింది. అది సబబే. వ్యాధి అని పేరు పెడితే మందుతో సరిపోతుందన్న భ్రమ కలుగుతుంది.

చరక సంహిత నిదానస్థానము శోషకు నాలుగు కారణాలు చెప్పింది: శక్తికి మించిన సాహసము, వేగములను బిగబట్టుట, ధాతుక్షయము, వేళాపాళా లేని భోజనము. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగములో పనిచేసినవారి దినచర్యను ఊహించండి. దోమలపెంట నుండి మన్నెవారిపల్లి వరకు సుమారు 44 కిలోమీటర్లు. పైన అమ్రాబాద్ పులుల అభయారణ్యము. నడుమ దారులు తవ్వే వీలు లేదు. పది పన్నెండు కిలోమీటర్ల లోపల ఉన్నవానికి మూత్రవిసర్జన సైతము సమస్యయే. పగలు రాత్రి తేడా తెలియదు. షిఫ్టు మారినప్పుడల్లా నిద్ర, ఆకలి తలక్రిందులు. మహర్షి చెప్పిన నాలుగూ ఒక్కచోటనే చేరాయి.

2025 ఫిబ్రవరి 22న అక్కడ పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుబడ్డారు. నీరు, మట్టి విరుచుకుపడిన ప్రమాదమది. దానిని అలసటకు అంటగట్టను. కాని మన ఫ్లోరైడ్ గ్రామాలకు నీరు తెచ్చుటకు ఝార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కాశ్మీర్ బిడ్డలు అంత లోపల ఉన్నారని అంతకుముందు మనలో ఎందరికి తెలుసు? మేస్త్రీ వెంట ఆనకట్ట పనులకు వలసపోయిన పాలమూరు కూలీల జిల్లాకు ఆ బ్రతుకు కొత్తది కాదు.

వాగ్భటుడు వ్యాయామమును సైతము సగము బలముతోనే చేయమన్నాడు. నిదానమును తొలగించుటయే ప్రథమ చికిత్స. వారపు సెలవు, స్థిరమైన పనివేళ, ఇంటికి పోయిన దినాలకు కూలి ఇవ్వక, అశ్వగంధ లేహ్యము తినిపించి మరల పనికి పంపుట అలసిన ఎద్దును ములుకోలతో పొడవడమే. అటువంటి లేహ్యము అడిగేవారికి ముందుగా సెలవు ఎన్ని దినాలని అడుగుతాను. (అది విని కొందరు వేరే వైద్యుని వెదకుకుంటారు.)

మీ ఇంటి బిడ్డ అటువంటి చోటు నుండి వస్తే మొదటి వారము పెళ్ళిచూపులకు, బ్యాంకు పనులకు త్రిప్పకండి. నిద్రపోనివ్వండి. పాదాలకు నువ్వులనూనె మర్దన, వేడినీటి స్నానము, పాత బియ్యపు అన్నములో నెయ్యి, పెసరకట్టు చాలు. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే మాత్రం వెంటనే తెమడ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయించండి. ఊపిరితిత్తులలో చేరిన రాతిధూళిని ఏ లేహ్యమూ కడగలేదు.