సీటు వేరు, సమానత వేరు

విశ్వవిద్యాలయంలో ప్రవేశం దొరకడమే సమానత్వమని నమ్మిన కాలం ఒకటి ఉండేది. తలుపు తెరిస్తే చాలు, లోపలికి వెళ్ళినవారు తమ దారి తాము చూసుకుంటారని పాలకులూ అనుకున్నారు, పిల్లల్ని పంపిన తల్లిదండ్రులూ అనుకున్నారు. కాని లోపలికి వెళ్ళాక మరొక లోకం మొదలవుతుంది. పరిశోధనకు గైడును ఎవరు కేటాయిస్తారు? మౌఖిక పరీక్షలో మార్కులు ఏ కొలతతో వేస్తారు? వసతిగృహంలో ఎవరి పక్కన ఎవరు కూర్చుని అన్నం తింటారు? ఫెలోషిప్ ఆగిపోయిన విద్యార్థి ఎవరి గది తలుపు తట్టాలి? ఇలాంటి చిన్న విషయాలన్నీ కలిసి ఒక సంస్థ నడవడి అవుతాయి. తలుపును చట్టం తెరవగలదు. నడవడిని మార్చుకోవలసింది లోపలివారే.

భాషాహక్కుల పత్రికకు ఈ విషయంతో పనేమిటని కొందరు పాఠకులు అడగవచ్చు. పని ఉంది. సంస్థ నడవడి మనిషిని ఎలా చిన్నబుచ్చుతుందో సరిహద్దు తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలైన నిర్బంధ తమిళ బోధన 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. మన పిల్లల్ని బడి నుంచి ఎవరూ వెళ్ళగొట్టలేదు. పలకా పుస్తకమూ ఇచ్చారు. కాని ఇంట్లో అమ్మ నేర్పిన మాటకు ఆ బడిలో చోటు తగ్గిపోయింది. కొట్టకుండా, తిట్టకుండా, కేవలం లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల కలిగే అవమానం ఎలాంటిదో ధర్మపురిలోనూ, కృష్ణగిరిలోనూ, హోసూరులోనూ మనకు అనుభవమే. ఆ అనుభవం ఉన్నవారు ఇతరుల అవమానాన్ని అందరికంటే ముందుగా గుర్తించాలి.

మన పొరుగు జిల్లా యువకుని సంగతే తీసుకుందాం. సేలం జిల్లాకు చెందిన సెంథిల్ కుమార్ భౌతికశాస్త్రంలో డాక్టరేటు చేయడానికి హైదరాబాదు విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. పందుల పెంపకంతో బతికే పన్నియాండి కులంలో పుట్టినవాడు. అతనికి గైడును కేటాయించలేదు. ఫెలోషిప్ ఆగింది. 2008 ఫిబ్రవరిలో వసతిగృహంలోనే ప్రాణాలు పోగొట్టుకున్నాడు. విశ్వవిద్యాలయం నియమించిన కమిటీకి ఆచార్య వినోద్ పావరాల నాయకత్వం వహించారు. భౌతికశాస్త్ర విభాగంలో గైడుల కేటాయింపు ఒక పద్ధతి ప్రకారం జరగడం లేదని, దానివల్ల నష్టపోతున్నది దళిత విద్యార్థులేనని ఆ కమిటీ గమనించింది. ఒక్క దుర్మార్గుణ్ణి వెతికి పట్టుకుని శిక్షిస్తే తీరే సమస్య కాదది. నియమం లేనిచోట అలవాటు రాజ్యమేలుతుంది. అలవాటు ఎప్పుడూ బలవంతుని పక్షమే.

ఇక్కడ ఒక చేదు నిజం ఉంది. హైదరాబాదు విశ్వవిద్యాలయం పుట్టిందే సమన్యాయం కోసం. ప్రాంతాల మధ్య అసమానతలపై తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాలు చెలరేగిన తరువాత 1973లో ఆరు సూత్రాల పథకం కుదిరింది. అందులో భాగంగా 1974లో ఆ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ప్రాంతీయ సమానత కోసం పుట్టిన సంస్థలో కులసమానత దానంతట అదే రాలేదు. సెంథిల్ మరణించిన ఎనిమిదేళ్ళకు, 2016 జనవరి 17న, గుంటూరుకు చెందిన పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల అక్కడే ప్రాణాలు తీసుకున్నాడు. వసతిగృహాల నుంచి బహిష్కరణకు గురైన అంబేద్కర్ విద్యార్థి సంఘానికి చెందిన ఐదుగురిలో అతను ఒకడు. ఒకడు తమిళగడ్డ నుంచి వచ్చినవాడు, మరొకడు తెలుగుగడ్డ బిడ్డ. ఆ సంస్థ నడవడి ముందు ఇద్దరి భాషలూ ఏ రక్షణా ఇవ్వలేకపోయాయి.

దూరాన ఉన్న హైదరాబాదు మాట అటుంచితే, మన పిల్లలు చదివే కళాశాలల సంగతి చూద్దాం. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల కళాశాలలకు అనుబంధ విశ్వవిద్యాలయం సేలంలోని పెరియార్ విశ్వవిద్యాలయం. అది 1997లో ఏర్పడింది. కులనిర్మూలనకు జీవితమంతా పోరాడిన పెద్దమనిషి పేరు పెట్టుకున్న ఆ విశ్వవిద్యాలయం 2022 జులైలో ఎం.ఏ. చరిత్ర విద్యార్థులకు ఇచ్చిన పరీక్షలో, తమిళనాడుకు చెందిన తక్కువ కులం ఏదని అడిగి, నాలుగు పేర్లిచ్చి ఎంచుకోమన్నది. ప్రశ్నపత్రం బయటివారు తయారుచేశారని విశ్వవిద్యాలయం చెప్పింది. అయినా ఒక అధ్యాపకుడు ఆ ప్రశ్న రాసినప్పుడు ఆయన చేయి ఆగలేదు. అచ్చయి విద్యార్థి చేతికి చేరేదాకా దాన్ని ఆపే ఏర్పాటు ఏదీ పనిచేయలేదు. ఆ నాలుగు పేర్లలో ఒకటి తన కులానిదైన విద్యార్థి ఆ గదిలో కూర్చుని ఏ జవాబుకు గుర్తు పెట్టాలి? ద్వారం మీది పేరు మారినంత తేలికగా లోపలి బుద్ధి మారదనడానికి ఇంతకంటే సాక్ష్యం వద్దు.

ఇక మన ఇంటి మాట చెప్పుకోవాలి. ధర్మపురి, కృష్ణగిరి, సేలం, నామక్కల్, ఈరోడు, కోయంబత్తూరు జిల్లాల్లో నివసించే అరుంధతీయుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగు. తోలుపని, పారిశుధ్యపని తరతరాలుగా వారి నెత్తిన రుద్దబడ్డాయి. దళితులకు ఉన్న 18 శాతం రిజర్వేషన్‌లో వారి వాటా వారికి అందడం లేదని గుర్తించి, జస్టిస్ జనార్థనం కమిటీ సిఫారసు మీద, తమిళనాడు ప్రభుత్వం 2009లో చట్టం చేసి 3 శాతం ప్రత్యేకంగా కేటాయించింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ చట్టాన్ని నిలబెట్టింది. ఆంధ్రప్రదేశ్ 2000లో చేసిన వర్గీకరణ చట్టాన్ని కొట్టివేసిన 2004 నాటి తీర్పును కూడా అదే ధర్మాసనం తోసిపుచ్చింది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమానికీ, మన జిల్లాల అరుంధతీయుల పోరాటానికీ ఒకే రోజున, ఒకే తీర్పులో న్యాయం దొరికింది. తెలుగువారి చరిత్రలో ఇది పెద్ద ఘట్టం. కాని దాన్ని తెలుగువారి విజయంగా మన వేదికల మీద ఎంతమంది చెప్పుకున్నారు?

అరుంధతీయుల పరిస్థితి రెండంచుల కత్తి మీద నడక. 2023లో ఈరోడు తూర్పు ఉపఎన్నిక ప్రచారంలో ఒక పార్టీ నాయకుడు, వీరు విజయనగర కాలంలో ఊడ్చేపనికి బయటినుంచి వచ్చినవారని బహిరంగ సభలో మాట్లాడాడు. నోటిలోని తెలుగును చూపి పరాయివారన్నారు. చేతిలోని పనిని చూపి తక్కువవారన్నారు. జాతివివక్ష, కులవివక్ష ఒకే మాటలో కలిసిపోయిన సందర్భమది. వారి ప్రధాన సంఘాల్లో ఒకటి ‘ఆదితమిళర్ పేరవై’ అని పేరు పెట్టుకోవడంలో ఆ నిందకు జవాబు ఉందని నాకు తోస్తుంది. తెలుగు మాట్లాడే ఇళ్ళలో పుట్టినవారు తమిళులమని చాటుకోవలసి రావడాన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు. తెలుగువారమని చెప్పుకుంటే అండగా నిలిచేవారెవరని వారు అడిగితే మన దగ్గర జవాబేది? తమిళనాట తెలుగువారి జనసంఖ్య చెప్పవలసి వచ్చినప్పుడు అందరినీ కలిపి లెక్కిస్తాం. సభ జరిగినప్పుడు ఆహ్వానపత్రిక మీద ఉన్న పేర్లు చూడండి, ఆ లెక్క ఎంత కుదించుకుపోతుందో తెలుస్తుంది.

వివక్ష లెక్కకు రావాలంటే నియమాలు కావాలి. 2006లో కేంద్రం నియమించిన థోరాట్ కమిటీ, ఢిల్లీ అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థలో దళిత, గిరిజన విద్యార్థుల పరిస్థితిని పరిశీలించి 2007లో నివేదిక ఇచ్చింది. వసతిగృహంలోనూ, భోజనశాలలోనూ, పరీక్షల్లోనూ వారు ఎదుర్కొన్న వివక్షను నమోదు చేసింది. 2012లో యు.జి.సి. సమానావకాశ కేంద్రం, వివక్ష నిరోధక అధికారి ప్రతి సంస్థలో ఉండాలని నిబంధనలు తెచ్చింది. అవి కాగితం మీదనే మిగిలిపోతున్నాయని 2019లో సుప్రీంకోర్టుకెక్కినవారు ఇద్దరు తల్లులు. రోహిత్ తల్లి రాధిక, ముంబయిలో వైద్యవిద్య చదువుతూ ప్రాణాలు తీసుకున్న పాయల్ తడ్వీ తల్లి అబేదా. 2026 జనవరిలో యు.జి.సి. కొత్త నిబంధనలు ప్రకటించింది. అదే నెలలో సుప్రీంకోర్టు వాటి అమలును నిలిపివేసి, 2012 నిబంధనలే కొనసాగాలన్నది.

మన పిల్లలు అమెరికా వెళ్ళినా ఈ ప్రశ్న వెంటే వెళ్తుంది. అక్కడ మన వారిని చర్మం రంగు చూసి, మాట యాస విని వేరుగా చూస్తే మనకు కోపం వస్తుంది. రావలసిందే. కాని అక్కడి భారతీయ విద్యార్థుల మధ్యే కులం పని చేస్తోందని గుర్తించి బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో, అప్పట్లో ఇరవై మూడు ప్రాంగణాలున్న కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయం 2022లో, వివక్ష నిషేధ జాబితాలో కులాన్ని చేర్చవలసి వచ్చింది. రంగు వివక్షపై తిరగబడి కులవివక్షను మూటగట్టుకుని తీసుకెళ్ళడం న్యాయం అనిపించుకోదు.

చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. బిడ్డను కళాశాలలో చేర్చిననాడే, ఇక్కడ వివక్ష నిరోధక అధికారి ఎవరని కార్యాలయంలో అడగండి. మన బిడ్డకు అవసరం రాకపోవచ్చు. అడిగేవారు ఉన్నారని తెలిస్తే చాలు, మరొకరి బిడ్డకు అది రక్ష. వసతిగృహం నుంచి సెలవులకు వచ్చిన పిల్లవాణ్ణి, నీ గదిలో ఉండేది ఏ కులంవాడని అడిగే అలవాటు మానండి. మనలో అధ్యాపకులుగా ఉన్నవారు గైడుల కేటాయింపు, మౌఖిక పరీక్ష మార్కులు రాతపూర్వకమైన నియమాల ప్రకారమే జరగాలని తమ విభాగాల్లో పట్టుబట్టాలి. సరిహద్దున కుప్పంలోనే ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. అరుంధతీయుల ఇళ్ళలోని తెలుగును, వారి పాటలను, పనిముట్ల పేర్లను సేకరించే పని అక్కడి పరిశోధకులు చేపట్టాలి. ఆ సేకరణ చేసే పరిశోధకుల్లో ఆ ఇళ్ళ పిల్లలూ ఉండాలి. మన సంఘాల కార్యవర్గాల్లో వారికి చోటుండాలి. అతిథులుగా పిలిచి శాలువా కప్పడం చాలదు, నిర్ణయాలు చేసేచోట కూర్చోవాలి.

తమిళనాడు ప్రభుత్వాన్ని మనం అడుగుతున్నది దయ కాదు. మా నుడి కూడా ఈ నేలదేనని గుర్తించమంటున్నాం. అదే మాట మన వీధి చివరి ఇంట్లోంచి, మన నుడిలోనే వినిపిస్తున్నప్పుడు వినకపోతే, మన విన్నపానికి బలం ఎక్కడిది? భాష అందరిదీ అనడం సులువు. ఆ అందరిలో ఎవరెవరున్నారో చెప్పగలిగిననాడే ఈ ఉద్యమం తెలుగువారిది అవుతుంది.