పనిలో పనిగా కోసివేయుట తగునా?

కూరెకుప్పలో కూలిచేసి బ్రతుకు తెలుగు దంపతుల బిడ్డకు పొట్టలో గడ్డ కనబడినచో, వారు పరుగెత్తవలసినది బళ్లారికి. అచ్చటనుండి తరచుగా బెంగుళూరికి. ఆపరేషనుకు ముందు వారిచే వ్రేలిముద్ర వేయించుకొను కాగితము చాలవరకు ఆంగ్లమందో కన్నడమందో యుండును. ఆ కాగితమును గూర్చి మేము నేడొక ప్రశ్న వేయుచున్నాము: మూత్రపిండమును తీయుటకు సమ్మతించిన తలిదండ్రులు ఉండుకమును, అనగా అపెండిక్సును, తీయుటకు గూడ సమ్మతించినట్లేనా?

పసిబిడ్డల మూత్రపిండములకు వచ్చు క్యాన్సరులలో ప్రధానమైనది విల్మ్సు గడ్డ. 1899లో దానిని వివరించిన జర్మను శస్త్రవైద్యుడు మాక్స్ విల్మ్సు పేరే దానికి నిలిచినది. ఐదేండ్లలోపు పిల్లలలో నిది ఎక్కువ. పొట్ట తెరచి, చెడిన మూత్రపిండమును తీసివేయుదురు. అట్లు తెరచినపుడు చేతికందిన ఉండుకమును సైతము కొందరు వైద్యులు పనిలో పనిగా తీసివేయుచు వచ్చిరి.

వారి వాదమును మేము తేలికచేయము. క్యాన్సరు మందులచే తెల్లరక్తకణములు తగ్గియున్న వేళ కుడిప్రక్క కడుపునొప్పి వచ్చినచో, అది ఉండుకపు వాపో, ప్రేగు వాపో తేల్చుట కష్టము. కాని ఎదుటి పక్షమును బలమైనదే. ఉండుకము ప్రేగులోనికి తెరచుకొని సూక్ష్మక్రిములకు నెలవైయున్నది. దానిని కోసినచో శుభ్రమైన గాయము చీముపట్టవచ్చును. చీముపట్టినచో క్యాన్సరు మందు ఆలస్యమగును. పైగా అది వ్యర్థాంగము కాదు. మూత్రాశయము సరిగా పనిచేయని పిల్లలకు ఉండుకమునే గొట్టముగా మలచి మూత్రమునకు దారి కల్పించు పద్ధతిని ఫ్రెంచి వైద్యుడు మిత్రొఫనోఫ్ 1980లో ప్రకటించెను. సంపన్నదేశములలో ఈ వ్యాధి సోకిన బిడ్డలు పదింట తొమ్మండుగురు బ్రతుకుచున్నారు. వారి ముందున్నది దీర్ఘజీవితము. తీసిన అవయవము తిరిగి రాదు.

గడ్డ ఉండుకమునకే అంటుకొనియున్నచో తీయవలసినదే. అందు మాకు తగవు లేదు. ఆరోగ్యముగా నున్నదానిని తీయుటకు మాత్రము అడుగవలెను. ఒక చికిత్సకిచ్చిన సమ్మతి మరొక చికిత్సకు చెల్లదనియు, ప్రాణరక్షణకు తప్ప అదనముగా కోయరాదనియు 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అడుగుట యనగా అర్థమగు భాషలో అడుగుట. తెలియని మాట క్రింద వేసిన వ్రేలిముద్ర వట్టి సిరామరక.

మేము కోరునవి మూడు. ఉండుకము మాట సమ్మతిపత్రములో ప్రత్యేక పంక్తిగా నుండవలెను. తెలుగు తలిదండ్రులకు దానిని తెలుగులో చదివి వినిపింపవలెను. తీసినదో తీయనిదో ఇంటికి పంపునపుడిచ్చు చీటీలో వ్రాయవలెను. లేనిచో పదేండ్ల పిమ్మట ఆ బిడ్డ కడుపునొప్పితో వచ్చినపుడు వైద్యుడు మచ్చను చూచి ఊహింపవలసి వచ్చును.

సోదరులారా! ఇది వైద్యులతో వైరము కాదు. బిడ్డను అప్పగించునపుడు “ఇంకేమైన తీయుదురా?” యని అడుగుడు. ఆ మాట అడుగుటకు చదువక్కరలేదు.